ఓడినవాడి నవ్వు

సుజాత అడిగిన ఒక ప్రశ్నకు మొహం మీద జవాబు చెప్పలేక ఇది రాస్తున్నాను.

సుజాత వాళ్ళది ఏలూరు. ఇక్కడ ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ పక్క స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా వీధిలోనే ఇల్లు. ఆమె కొడుకు ప్రణవ్ యూనిలో ఇంజినీరింగ్ చదువుతూ, శనివారాలు నేను నేర్పే సుమో క్లబ్బుకు వస్తాడు. మంచి ఎత్తు, మంచి బరువు. మోకాళ్ళు వంచి నిలబడ్డాడంటే కదిలించడం కష్టం. ఈ మధ్య జపాన్‌లోని ఒక సుమో శిక్షణశాల వాడిని వచ్చి చేరమంది. చదువు ఆపేసి వెళ్తానని వాడు ఇంట్లో పట్టుబట్టి కూర్చున్నాడు. ఒక ఆదివారం సుజాత పులిహోర డబ్బా పట్టుకుని వచ్చింది. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది, అడిగేసింది.

"అన్నయ్యా, దాచకుండా చెప్పండి. అదంతా ముందే మాట్లాడేసుకుని ఆడతారంటగా? ఆన్‌లైన్ నిండా అదే రాశారు. మావాడు యూని వదిలేసి వెళ్ళేది దొంగాటకా?"

"అందరూ అలా కాదమ్మా."

"అందరి సంగతి నాకెందుకండీ. మీరు ఆడింది నిజమేనా?"

లోపలి నుంచి మా ఆవిడ స్వరూప వచ్చి డబ్బా అందుకుంది.

"ఆయన మీద ఆయనకే నమ్మకం లేదు సుజాతా. ఇగ మనకేం జెప్తడు!"

స్వరూప అన్నది నిజమే. చెప్పుకోదగ్గ గెలుపు నా జీవితంలో ఒక్కటే ఉంది. అది నేను గెలిచిందో, ఎదుటివాడు వదిలేసిందో నాకే తెలియదు. తెలియకుండానే ఇరవై ఏళ్ళకు పైగా గడిచిపోయాయి.

ఉద్యోగమంటే ఏమిటి

మాది వరంగల్. తాలీంలో కుస్తీ పట్టి పెరిగినవాణ్ణి. జపాన్‌కు ఎలా వెళ్ళాను, వీసా ఎవరిప్పించారు, ఏ ర్యాంకు ఎప్పుడొచ్చింది, అవన్నీ రాయను. ఎవరికీ పనికిరావు.

సుమో పహిల్వాన్ పని కుస్తీ పట్టడమేనని అందరూ అనుకుంటారు. కుస్తీ కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. మిగతా బతుకంతా ఒకే ఇంట్లో, ఒకే గురువు కింద, ఒకే వంటకుండ చుట్టూ తిరుగుతుంది. ఆ ఇంటిని హెయా అంటారు. తెల్లారకముందే లేచి, ఖాళీ కడుపుతో మట్టి బరిలోకి దిగాలి. చిన్న ర్యాంకు వాళ్ళు ముందు దిగుతారు, చివర తింటారు. పెద్దవాళ్ళు తింటున్నంతసేపూ వెనక నిలబడి వడ్డించాలి. మన వంతు వచ్చేసరికి మాంసం అయిపోయి క్యాబేజీ, నీళ్ళు మిగులుతాయి. తాలీంలో మా ఉస్తాదు తన బాదంపాలు సగం నాకు పోసేవాడు. అది తలుచుకుని మొదటి నెలల్లో ఏడ్చాను కూడా.

వంట నేర్చుకోక తప్పదు. కూరలు, మాంసం, చేపలు అన్నీ వేసి ఉడికించే ఆ పులుసును చాంకో అంటారు. పోటీల రోజుల్లో కోడి మాంసమే వేసేవాళ్ళం. కోడి రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. ఆవు, పంది నాలుగు కాళ్ళూ నేల మీద పెడతాయి. కుస్తీ మొదలయ్యాక చెయ్యి నేలకు తగిలితే ఓడినట్టే కాబట్టి, పోటీకి ముందు అలాంటివి తినడం అపశకునం. నాకు నవ్వొచ్చేది. రెండేళ్ళు గడిచాక ఎవడైనా కుండలో పంది ముక్క వేస్తే నేనే కేకలేసేవాణ్ణి.

చేరబోయేవాళ్ళకు ఒక్క మాట. కర్రతో కొట్టి, ఇది శిక్షణ, ఇది ప్రేమ అని చెప్పేవాళ్ళు తగులుతారు. నమ్మకండి. సామాను సర్దుకుని వచ్చేయండి. మా గురువు కొట్టేవాడు కాదు. మాట్లాడేవాడూ కాదు. అది అంతకంటే తక్కువ దెబ్బేం కాదని నా అభిప్రాయం. ఒకే గదిలో వరసగా పడుకునే పదిమందిలో ఎవడు గురువు చెవిలో ఊదుతున్నాడో, ఎవడు గురుపత్ని దగ్గర మంచివాడనిపించుకుంటున్నాడో తెలిసేది కాదు. నేను మామూలు మనిషిగానే వెళ్ళాను. అనుమానం అనే జబ్బు అక్కడ పట్టింది.

విజిల్ లేని ఆట

మన కుస్తీలో రెఫరీ మొదలుపెట్టమంటేనే మొదలుపెడతారు. సుమోలో అలా చెప్పేవాడు లేడు. పక్కన రెఫరీ ఉంటాడు, చేతులు పెట్టండని తొందర పెడతాడు, అంతే. ఇద్దరూ ఎదురెదురుగా వంగి కూర్చుంటారు. ఇద్దరి రెండు చేతులూ నేలకు తాకిన క్షణమే ఆరంభం. ఆ క్షణం ఏదో ఆ ఇద్దరే తేల్చుకోవాలి. ఒకడు ముందే దూకితే రెండోవాడు లేవకుండా ఆగిపోవచ్చు. అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి. తన్నుకోబోయే ఇద్దరు మనుషులు ముందు ఒక మాట మీదికి రావాలన్నమాట, అదీ నోరు విప్పకుండా.

నేను ఎప్పుడూ రెండోవాణ్ణే. ఎదుటివాడు రెండు చేతులూ పెట్టేదాకా నా కుడి చెయ్యి గాల్లోనే ఉండేది. ముందు పెట్టినవాడు కదలకుండా ఎదురుచూడాలి, ఆ ఎదురుచూపులో వాణ్ణి ఎవరైనా మోసం చేయొచ్చు. నాకు ఆ అవకాశం ఎవరికీ ఇవ్వాలనిపించలేదు. మా గురువు ఏళ్ళ తరబడి చూసి ఒక రోజు అన్నాడు.

"నువ్వు వాడి చేతులు చూస్తున్నావు. ఊపిరి చూడు."

"ఊపిరి కనిపించదు కదండీ."

"కనిపించేదాన్ని చూడ్డానికి నువ్వెందుకు, నేనెందుకు" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన నాతో ఒకేసారి మాట్లాడిన మాటల్లో అదే పొడవైనది.

ఒకాదా ఓడిన రోజు

జూర్యో అనే తరగతి ఒకటుంది. అక్కడి నుంచి పైకి జీతం, గది, సేవ చేసే కుర్రాళ్ళు ఉంటారు. దాని కింద ఉన్నవాళ్ళకు తిండి, పడక మాత్రమే. ఒక్కో పోటీలో సగానికి పైగా కుస్తీలు గెలిస్తే పైకి, లేకపోతే కిందికి. చాలామంది ఆ గడప దగ్గరే ముసలివాళ్ళయి ఇంటికెళ్ళిపోతారు. నేనూ చాలా ఏళ్ళు అక్కడే తచ్చాడాను. చివరికి ఒక పోటీలో గెలుపులు, ఓటములు సమానమై, చివరి కుస్తీ ఒక్కటి మిగిలింది. గెలిస్తే జూర్యో.

ఎదుటివాడు ఒకాదా. ఇది మార్చిన పేరు. నాకంటే కొంచెం పెద్దవాడు, అప్పటికే జూర్యోలో ఉన్నవాడు. ఆ పోటీలో ఆయనకు కావలసిన గెలుపులు అయిపోయాయి. నా మీద ఓడినా ఆయనకు పోయేదేం లేదు. నడికట్టు ఒకసారి కుడిచేత్తో దొరకబుచ్చుకున్నాడంటే వదిలించుకోవడం ఎవరి తరమూ కాదని పేరు. ఆ రోజు ఆయన చెయ్యి నా నడికట్టు దాకా రానేలేదు. ఢీకొన్నాం, నెట్టాను, వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ నెట్టాను, బరి అంచు దాటేశాడు. అంతే, అయిపోయింది.

నాకు ఆనందంతో చెవులు వినిపించలేదు. వంగి నమస్కరించి తలెత్తేసరికి ఒకాదా బరి దిగుతున్నాడు. దిగుతూ నవ్వాడు. పెదవి ఎడమ కొస కొంచెం పైకి లేచింది.

ఓడినవాడు ఎందుకు నవ్వుతాడు?

ఆ సాయంత్రం హెయాలో విందు. మా సీనియర్ ఒకడు నా గ్లాసులో బీరు పోస్తూ, "ఒకాదా మంచివాడు" అన్నాడు.

"అంటే?"

"మంచివాడంటే మంచివాడే. తాగు."

మర్నాడు గురువు దగ్గరికెళ్ళి, నేను నిజంగా గెలిచానా అని అడిగాను. "తెల్ల చుక్క పడింది కదా" అన్నాడు. అక్కడ గెలిస్తే తెల్ల చుక్క, ఓడితే నల్ల చుక్క. చుక్క ఎలా వచ్చిందో చుక్క మీద రాసి ఉండదు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ ఎవరినీ ఏమీ అడగలేదు. అది గట్టిగా చెప్పగలను. కానీ మనం అడగకపోయినా ఎదుటివాడు ఇవ్వొచ్చు. ఇచ్చినవాడు ఏదో ఒక రోజు మన వైపు చూస్తాడు. నేను ఆ చూపు కోసం కాచుక్కూర్చున్నాను.

నా వంతు

ఎక్కువ కాలం పట్టలేదు. మరుసటి ఏడు ఒక పోటీలో, చివరి రోజున, ఒకాదాతోనే కుస్తీ పడింది. ఈసారి పరిస్థితి తిరగబడింది. నేను సురక్షితంగా ఉన్నాను, ఆయన అంచు మీద ఉన్నాడు. ఓడితే జూర్యో నుంచి కిందికి పోతాడు. ఆ వయసులో పోతే మళ్ళీ రావడం కష్టం.

ఆ మధ్యాహ్నం పోటీ హాలు వరండాలో ఎదురయ్యాడు. ఎప్పుడూ తల మాత్రం ఊపే పెద్దమనిషి ఆ రోజు నడుం వంచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుర్తుందా అని అడుగుతున్నాడు అనుకున్నాను. నీ దానం నాకొద్దు, ఇవాళ ఎముకలు విరిగేదాకా పట్టుకుంటాను చూడు అని పళ్ళు కొరుక్కుంటూ బరి ఎక్కాను.

పట్టాను. నా బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ పట్టలేదు. ఆయన కుడిచెయ్యి ఈసారి నా నడికట్టు పట్టుకుంది. బరి అంచు చుట్టూ పాతిన గడ్డితాడు మీద మడమలు ఆనించి, కళ్ళల్లోకి నెత్తురొచ్చేదాకా ఆగాను. ఎత్తి అవతల పెట్టాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

గదిలోకి వచ్చేసరికి అందరూ ఒక్కసారి మాటలాపేశారు. అదే సీనియర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "బాగా చేశావు. పెద్దమనిషివి."

"నేను ఓడిపోయాను!"

"అవునవును" అన్నాడు.

గురువు పిలిపించాడు. "ఇచ్చావా?"

"లేదండీ."

"సరే."

"నిజంగా లేదండీ."

"మూడోసారి చెప్పకు. అబద్ధంలా ఉంటుంది."

ఇంత అన్యాయం ఏ ఉద్యోగంలోనైనా ఉంటుందా? దొంగతనం చేయనివాడు నా దగ్గర ఏమీ లేదని జేబులు చూపించొచ్చు. నిజాయితీగా ఓడినవాడు ఏం చూపిస్తాడు? ఆ రోజే నాకు బుద్ధి రావాల్సింది. నా ఓటమిని ఎవరూ నమ్మనట్టే ఒకాదా ఓటమిని నేనూ నమ్మలేదేమో అని తట్టాల్సింది. తట్టలేదు. నా అవమానం మోసుకు తిరగడానికే నాకు తీరిక సరిపోలేదు.

తరవాత నా మోకాలు పోయింది. పహిల్వాన్ విరమించుకుంటే పిలక కత్తిరించే తంతు ఉంటుంది. వచ్చినవాళ్ళు వెనక నిలబడి ఒక్కొక్కరు కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరిస్తారు, చివరి కత్తిరింపు గురువుది. ఒకాదా కూడా వచ్చాడు. మెడ వెనక ఆయన కత్తెర చప్పుడు విన్నాను.

ఇక్కడ

స్వరూప నర్సు. ఆమె వీసా మీద ఆస్ట్రేలియా వచ్చాం. నా ఆకారానికి ఇక్కడ వెంటనే దొరికిన ఉద్యోగం షాపింగ్ సెంటర్లో సెక్యూరిటీ. వచ్చేపోయేవాళ్ళని అనుమానించినందుకు జీతం ఇస్తారు. ఇంతకంటే నాకు తగిన పని ఇంకెక్కడ దొరుకుతుంది? ఇంట్లో క్యారమ్స్‌లో స్వరూప ఓడిపోతే, కావాలని ఓడావా అని నిలదీసేవాణ్ణి. ఆమె ఒక రోజు స్ట్రైకర్ నా ఒళ్ళో పడేసి, "పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనవడ్తదంట. నీతోని ఆడుడు నా వల్ల గాదు" అని లేచిపోయింది. బోర్డు ఇప్పటికీ గరాజ్‌లో ఉంది.

సుజాత ప్రశ్న అడిగిన కొన్నాళ్ళకు నాకు ఫోనొచ్చింది. ఒకాదా. ఆయన కూతురు బ్రిస్బేన్‌లోనే యూనిలో చేరిందట, చూడ్డానికి వచ్చాడట. ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించాడు. ఎందుకు సంపాదించాడా అన్నదే నాకు ముందు తట్టింది. శనివారం ఆర్వో, అంటే ఇక్కడి మాటలో మధ్యాహ్నం, మా ఇంటికి రమ్మన్నాను. సుజాతనీ ప్రణవ్‌నీ కూడా పిలిచాను. అసలు మనిషిని చూసి ఆమే తేల్చుకుంటుందనుకున్నాను.

పెరట్లో బార్బెక్యూ పక్కన పొయ్యి మీద చాంకో వండాను, కోడితోనే. నేను చూడకుండా స్వరూప అందులో పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేసింది. ఒకాదా చెమటలు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకున్నాడు. జుట్టు నెరిసింది, భుజాలు జారాయి, కుడిచెయ్యి మాత్రం అలాగే ఉంది. నేను అడగాల్సిన మాట నోట్లో పెట్టుకుని అదను కోసం చూస్తున్నాను. ఇంతలో ఆయన గిన్నె కింద పెట్టాడు.

"మల్లేశ్, ఒకటి అడగనా? ఆ రోజు నువ్వు ఓడిపోయావా, నాకు వదిలేశావా?"

నేను పొయ్యి మంట తగ్గించాను.

"ఆ గెలుపు మీదే నేను ఇంకో మూడేళ్ళు జూర్యోలో ఉన్నాను" అన్నాడు. "పెళ్ళి అయింది, కూతురు పుట్టింది. ముందు ఏడు నా మీద గెలిచావు కదా, ఆ రుణం తీర్చుకున్నావని మావాళ్ళు అనేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాణ్ణి. అది నాదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు."

"ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాను. మీరే ఎత్తి అవతల పెట్టారు."

నా మొహం వంక కాసేపు చూశాడు. "సరే" అన్నాడు.

ఆ 'సరే' నాకు తెలుసు. మా గురువు నోట విన్నదే.

"మరి మీరు?" అన్నాను. "అంతకు ముందు ఏడు?"

"నువ్వే నెట్టేశావు. చెయ్యి అందలేదు."

"సరే" అనే మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

మేం జపాన్ భాషలో మాట్లాడుకోవడంతో సుజాత కుర్చీ ముందుకి జరిపింది. "ఏమంటున్నారన్నయ్యా ఆయన?" ఉన్నదున్నట్టు చెప్పాను. స్వరూప పగలబడి నవ్వింది. "మంచిగయింది! పచ్చకామెర్లోల్లు ఇద్దరు ఒక్కతాన జమైన్రు."

సుజాత నవ్వలేదు. "మరి నిజమో కాదో ఎలా తెలుస్తుంది?"

"గో అగైన్, అంకుల్" అన్నాడు ప్రణవ్. "రైట్ నౌ. హియర్."

అందరం వాడి వైపు చూశాం. ఒకాదాకు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమైంది. గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

మొక్కలకు నీళ్ళు పట్టే పైపును గడ్డి మీద గుండ్రంగా పరిచాం. నడికట్లకు స్వరూప రెండు పాత చీరలు తెచ్చి, మెలితిప్పి మా ప్యాంట్ల మీద బిగించింది. "నేత చీరలు. చినిగినయనుకో, ఇద్దరికీ బువ్వ బంద్" అంది. పైపు లోపలికి వెళ్ళి ఎదురెదురుగా వంగి కూర్చున్నాం. నా మోకాలు కలుక్కుమంది.

"హూ సేస్ గో?" అన్నాడు ప్రణవ్.

"ఎవరూ చెప్పర్రా."

ఒకాదా ఎడమచెయ్యి గడ్డి మీద పెట్టాడు. కుడిచెయ్యి గాల్లో ఉంది. నా కళ్ళు అలవాటుగా ఆ చెయ్యి మీదికే పోయాయి. ఎందుకో అప్పుడు తల ఎత్తి ఆయన్ని చూశాను. ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది. ఊపిరి కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ నేను చూడలేదంతే. ఆయనకంటే ముందే నా రెండు చేతులూ నేలకు ఆనించి, కదలకుండా ఉన్నాను. బతుకులో మొదటిసారి. ఒకాదా కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. ఆయన ఊపిరి దిగింది, కుడిచెయ్యి కూడా దిగింది.

ఢీకొన్నాం. నేను ఏమీ దాచుకోలేదు. ఉన్నదంతా పెట్టాను, అది దేవుడికి తెలుసు. ఆయన చెయ్యి చీర పట్టుకుంది. పైపు మీద మడమలు ఆనించి ఆగాను, మోకాలు మంటలెత్తింది, ఆగలేకపోయాను. బట్టల తీగ కింద వెల్లకిలా పడ్డాను.

స్వరూప పరుగెత్తుకొస్తోంది. ప్రణవ్ ముందు వచ్చి నా మీదికి వంగాడు.

"అంకుల్, వై ఆర్ యూ స్మైలింగ్? యూ లాస్ట్!"

"నేను నవ్వడం లేదురా" అన్నాను. చేత్తో తడుముకుని చూసుకున్నాను. పెదవి ఎడమ కొస పైకి లేచి ఉంది. మోకాలి నొప్పికి పళ్ళు బిగించాను, మొహం దాని పని అది చేసుకుపోయింది. ఇరవై ఏళ్ళుగా నేను సాక్ష్యమని దాచుకున్న నవ్వు ఇదే. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా చెప్తున్నాను.

తల తిప్పి చూశాను. పైపు లోపల ఒకాదా నిలబడి ఉన్నాడు. కళ్ళు చిన్నవి చేసి నా పెదవినే చూస్తున్నాడు.

"మల్లేశ్" అన్నాడు. "ఇచ్చావా?"

సుజాత కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమెకు జపాన్ భాష రాదు, కానీ ఆ ప్రశ్న అర్థమైంది. ఇప్పుడు జవాబు కోసం ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. లేదని ఒకసారి చెప్పొచ్చు, రెండుసార్లు చెప్పొచ్చు. స్వరూప చెయ్యి పట్టుకుని లేచాను, జారిన చీర బిగించుకున్నాను, కుంటుకుంటూ పైపు లోపలికి వెళ్ళాను, మళ్ళీ నేనే ముందు నా రెండు చేతులూ నేలకు ఆనించాను.